మొగిలవ్వ అడిగిందా?

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ముప్ఫై పడకల దవాఖానలో ఆపరేషన్ గదికి రెండు తలుపులు. మొదటి తలుపు దాకా చుట్టాలందరూ రావచ్చు. వస్తారు కూడా, ఒక్కో రోగి వెంట సగం ఊరు దిగుతుంది. రెండో తలుపు దాటాలంటే మాత్రం ఒంటి మీద ఇంటి బట్ట ఉండకూడదు. ఆ రెండు తలుపుల నడుమ, ఒక మంచం పట్టేంత జాగాలో, మొగిలవ్వ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది.

చీర మార్పించి ఆకుపచ్చ గౌను తొడిగేది ఆమే. పుస్తెలు, మట్టెలు, ముక్కుపుల్ల తీయించి మూటగట్టి ఇంటివాళ్ళ చేతిలో పెట్టేది ఆమే. "పుస్తెలు తియ్యాల్నా, ఓ యవ్వా!" అని బావురుమనే ఆడవాళ్ళ మెడలో పసుపు దారం కట్టి, "గిది ఉన్నంతసేపు నీ పెనిమిటికేం గాదు, నడువు" అని ఊరడించేదీ ఆమే. ఇంత చేసినా ఆ దవాఖానలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఆయా అంటే పలుకుతుంది. సరిపోయింది కదా, ఇంకెందుకు పేరు?

పుట్టిల్లు ఎల్లారెడ్డిపేట దగ్గర. కల్లు గీసే ఇల్లు. అత్తగారిదీ అదే పని. పెళ్ళయిన ఏడో ఏట మొగుడు హన్మండ్లు తాటిచెట్టు మీంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి మళ్ళీ నిలబెట్టింది ఈ దవాఖాన డాక్టరు కరుణాకరే. నిలబడ్డాడు కానీ మళ్ళీ చెట్టెక్కలేదు. అప్పుడే డాక్టరు ఆమెను పనిలోకి రమ్మన్నాడు. అందుకే ఆయన ఎంత తిట్టినా మొగిలవ్వ మారుమాట అనదు. తిట్టడంలో ఆయనకు సాటి లేరు. చెయ్యి బంగారం, నోరు మాత్రం నిప్పుల పొయ్యి. కత్తెర అందించడం అరక్షణం ఆలస్యమైతే చాలు, ట్రే ఎగిరి గోడకు తగులుతుంది.

మొగిలవ్వకు ఇంకో అలవాటు ఉంది, అది ఎవరికీ అంతుపట్టేది కాదు. ప్రతి నెలా మొదటి సోమవారం ఇబ్రహీంపట్నం నుంచి గౌరవ్వ అనే ముసలామె బీపీ గోళీల కోసం వస్తుంది. ఆమె కనబడితే చాలు, మొగిలవ్వ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఉరికేది. ఫ్యాను కింద బెంచీ మీద ఎవరున్నా లేపి ఆమెను కూర్చోబెట్టేది, చీటీ తనే రాయించేది. "మీ చుట్టమా?" అని అడిగితే, "చుట్టమే అనుకో" అని తప్పించుకునేది.

ఈ సంవత్సరం ఉగాది వెళ్ళాక ఆ దవాఖానకు మత్తు డాక్టరుగా నవ్య వచ్చింది. సిరిసిల్ల పిల్ల, తండ్రికి నాలుగు మరమగ్గాలు. వచ్చిన వారంలోనే గోడకు ఒక పెద్ద కాగితం అంటించింది. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటికి పంపే ముందు ఒకసారి, మూడుసార్లు అందరూ ఆగి, ఆ కాగితంలో ఉన్నవన్నీ పైకి చదివి సరిచూసుకోవాలట. రోగి పేరేంది, ఏ ఆపరేషను, ఏ పక్క, ఏమన్నా తిన్నాడా, మందులు పడతాయా పడవా, లోపల పెట్టిన గుడ్డలన్నీ లెక్కకు వచ్చాయా. అన్నిటికన్నా విడ్డూరం, కోతకు ముందు గదిలో ఉన్నవాళ్ళందరూ తమ పేరూ పనీ చెప్పుకోవాలట.

"ఇరవై అయిదేండ్ల సంది కోస్తున్న. నా పేరు నేను చెప్పుకోవాల్నా?" అన్నాడు కరుణాకర్.

"చెప్పాలె సార్," అంది నవ్య నవ్వుతూ. "మా బాపు మగ్గం కాడ దారం తెగంగనే మగ్గం ఆపుతడు. ఆపకుంటె బట్టంతా ఖరాబే. ఎవలకు దారం తెగింది కనవడితె ఆల్లే ఆపాలె. ఇక్కడ సుత గంతే. ఎవలకు ఏం అనుమానమొచ్చినా 'ఆగుండ్రి' అనొచ్చు. ఎవలైనా."

ఆ 'ఎవలైనా' అన్నమాటకు బకెట్టు పట్టుకుని మూలన నిలబడ్డ మొగిలవ్వ తల ఎత్తింది. మళ్ళీ దించేసుకుంది.

మొదటి రోజు పేర్లు చెప్పుకునే ముచ్చట చూడాలి. "నేను కరుణాకర్. గీ దవఖాన నాదే. ఇంకేమన్న అనుమానమున్నదా?" అన్నాడు పెద్దాయన. సిస్టర్ ప్రేమలత సిగ్గుపడుతూ తన పేరు చెప్పింది. నవ్య మూలకు తిరిగి, "మీరు?" అంది. మొగిలవ్వ తన వెనక ఎవరున్నారా అని చూసింది. వెనక గోడే ఉంది. "ఆయాను మేడం" అంది.

"పేరు చెప్పుండ్రి."

"ఆమె అందరికెర్కనే, కానియ్యుండ్రి" అని కరుణాకర్ కత్తికి చెయ్యి చాపాడు.

సరే, వారం తిరక్కుండానే ఆ కాగితం గతి కూడా మన ఊళ్ళల్లో అన్ని కాగితాల గతే అయింది. ప్రేమలత చెడ్డమనిషేం కాదు, పాపం, పని ఒత్తిడి. మధ్యాహ్నం చాయ తాగుతూ ఆ రోజు ఆపరేషన్లన్నిటికీ ఒకేసారి టిక్కులు కొట్టేది. ఒక్క గడి ఖాళీగా ఉండేది కాదు. నవ్య అలిగింది, పోట్లాడింది, చివరికి మత్తుకు ముందు అడిగేవి మాత్రం తన ఎదుటే అడగాలని పట్టుబట్టి ఒప్పించుకుంది.

మొగిలవ్వకు మాత్రం ఆ కాగితం అంటించినప్పటి నుంచి నిద్ర లేదు. చదువు రాదు, ఒక్క అక్షరం కూడా తెలియదు. అయినా దాని ముందు నుంచి వెళ్ళాలంటే తల పక్కకు తిప్పుకునేది. 'ఎవలైనా ఆగుండ్రి అనొచ్చు.' ఆ మాట పదకొండేళ్ళ కింద చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పదకొండేళ్ళ కింద చిన్నవ్వ అనే పిల్ల వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు. మొగుడు దుబాయిలో. పిత్తంలో రాళ్ళు, పూర్తి మత్తిచ్చి తీయాలి. తలుపుల నడుమ గౌను తొడుగుతుంటే మొగిలవ్వకు రెండు సంగతులు తెలిశాయి. పిల్ల నొసటి మీద అమ్మవారి దగ్గర పెట్టే పసుపు బండారి ఇంకా తడిగా ఉంది. నోటి దగ్గర పుల్లటి వాసన వచ్చింది, కల్లు వాసన. కల్లు ఇంట్లో పుట్టి కల్లు ఇంట్లో మెట్టిన మనిషికి ఆ వాసన తెలియదా? ఈ పక్క ఊళ్ళల్లో కత్తి పడే ముందు అమ్మవారికి సాక పోసి రావడం ఉంది. కల్లు ధారగా పోసి మొక్కుతారు, మిగిలినది తీర్థమని తాగుతారు. అది తిండి కాదు, తాగుడూ కాదు. ఎవరు అడిగినా ఏమీ ముట్టలేదనే చెబుతారు, నిజంగానే అలా అనుకుని చెబుతారు.

మొగిలవ్వకు తెలిసింది. కానీ అంతకు నాలుగు రోజుల ముందే ఇంకేదో విషయంలో నోరు తెరిస్తే కరుణాకర్, "నువ్వు డాక్టరువా? నీ బకెట్టు సంగతి చూసుకో" అని అందరి ముందు కసిరాడు. ఆ మాట ఇంకా మండుతోంది. చెబుదామా వద్దా అనుకుంటూనే మంచం తోసింది. రెండో తలుపు మూసుకుంది.

మత్తెక్కగానే కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారు. మూడో రోజు పిల్ల పోయింది. డాక్టర్లు తల్లిని పదిసార్లు అడిగారు, ఏమన్నా పెట్టినవా అని. "దేవుని తోడు, నీళ్ళచుక్క పొయ్యలేదు" అని ఆ తల్లి నేల మీద చెయ్యి కొట్టి చెప్పింది. ఆ తల్లే గౌరవ్వ.

మొగిలవ్వ ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. పదకొండేళ్ళు కడుపులో పెట్టుకుంది.

ఇప్పుడు లచ్చయ్య సంగతి. మల్యాల మనిషి, గీత పని, యాభై దాటాయి. ఈయనకూ పిత్తంలో రాళ్ళే. ఒక గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు అతని వంతు వచ్చింది. నవ్య ఎదుటే ప్రేమలత కాగితం పట్టుకుని అడిగింది.

"ఏమన్న తిన్నవా?"

"లేదు బిడ్డా."

"చాయ, నీళ్ళు?"

"రాత్రి సంది మంచినీళ్ళు సుత ముట్టలె. ఒట్టు."

టిక్కు పడింది. నవ్య లోపలికి వెళ్ళింది. గౌను ముడి వేయడానికి వంగిన మొగిలవ్వకు అదే వాసన తగిలింది. నొసటి మీద బండారి చూసింది. వేలు పెట్టి తాకింది. తడి.

చాలా మామూలుగా, ఇంటి వాకిట్లో పలకరించినట్టు అడిగింది: "అన్నా, ఎల్లవ్వకు సాక పోసచ్చిండ్రా?"

లచ్చయ్య ముఖం వెలిగిపోయింది. దవాఖానకు వచ్చినప్పటి నుంచి అతనికి అర్థమయ్యే మాట ఎవరన్నా మాట్లాడటం అదే మొదలు. "పొయ్యకుంట ఎట్లస్త చెల్లె? నేను చెట్టెక్కవడ్తలేదు గదా, మా తమ్ముడే తెల్లారంగ దించిండు. మస్తు తియ్యగున్నది. సాక పోసినం, తీర్థం తీసుకున్న, బస్సెక్కిన."

"ఎంత తీసుకున్నవన్నా?"

"రెండు గిలాసలు. అవ్వ పేరు మీద ఇచ్చింది వద్దంటరా?"

ఇంతలో ప్రేమలత మంచం లోపలికి తోసేసింది. మొగిలవ్వ వెనకే వెళ్ళింది. లచ్చయ్యను బల్ల మీదికి మార్చారు. నవ్య చేతిలో పాలలాంటి మందు నింపిన సూది ఉంది. కరుణాకర్ చేతులు కడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు, ఆలస్యమైందని అప్పటికే చిరచిరలాడుతున్నాడు. మొగిలవ్వ నోరు తెరిచింది. పని పోతుంది. పోతే నడుము విరిగిన మొగుణ్ణి ఏం పెట్టి సాకాలి? ఇంకో పక్క, బల్ల మీద ఆ మనిషి ఇంకా ఆమె వంక చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"ఆగుండ్రి" అంది.

ఎవరికీ వినబడలేదు. నవ్య సూది గొట్టానికి పెట్టబోతోంది.

"ఆగుండ్రి! మేడం, మీ కాల్మొక్త, ఆగుండ్రి!" ఈసారి ఆమె అరిచిన అరుపుకు బయట చుట్టాలు కూడా లేచి నిలబడ్డారు.

నవ్య చెయ్యి ఆగింది. కరుణాకర్ గిరుక్కున తిరిగాడు. "ఏందే నీ లొల్లి?"

"కడుపుల కల్లున్నది సారూ. రెండు గిలాసలు. పొద్దుగాల్నే."

"నేను అడిగిన సార్!" ప్రేమలత ఏడుపు ముఖం పెట్టింది. "నీళ్ళు సుత ముట్టలేదని ఒట్టేసిండు!"

"ఆయన అబద్ధం చెప్పలేదు సిస్టరమ్మా. మీరు తిండి సంగతి అడిగిండ్రు. ఆయన తీసుకున్నది తీర్థం."

"అవ్వ తీర్థానికేనా గింత లొల్లి?" అని బల్ల మీంచి లచ్చయ్య ఆశ్చర్యపోయాడు.

కరుణాకర్ ముఖం ఎర్రబడింది. "నీకెట్ల ఎర్కనే? నువ్వు డాక్టరువా?"

అదే మాట. పదకొండేళ్ళ కిందటి మాటే. ఆ మాటకే మొగిలవ్వ లోపల ఇన్నేళ్ళు మూసిపెట్టినది తెరుచుకుంది.

"డాక్టరును గాదు సారూ, కల్లింట్ల పుట్టినదాన్ని. నాకెర్కనే. చిన్నవ్వప్పుడు సుత ఎర్కనే ఉండె. గప్పుడు చెప్పలె."

ఎత్తి పట్టుకున్న డాక్టరు చేతులు మెల్లగా కిందికి దిగాయి. శుభ్రంగా కడుక్కున్న చేతులు గౌనుకు తగలకూడదని ఇరవై అయిదేళ్ళుగా అందరికీ నేర్పిన మనిషి, ఆ చేతులు గౌనుకే తుడుచుకున్నాడు. "బయటికి తీస్కపోండ్రి. రేపు చేద్దాం" అని వెళ్ళిపోయాడు.

బయట మొగిలవ్వకు దక్కింది దండలూ దీవెనలూ అనుకుంటున్నారా? లచ్చయ్య భార్య పోశవ్వ ఎగిరి ఎగిరి తిట్టింది. "మంచి గడియ చూసుకొని అస్తిమి! అవ్వ తీర్థాన్ని తప్పువడ్తవా? నీ నోట్ల మన్నువడ!" మొగిలవ్వ తలొంచుకుని అన్నీ పడింది. 'తిట్టు తల్లీ, మొగుడు బతికుండంగ తిట్టుడు అదృష్టం' అని మనసులో అనుకుంది.

సాయంత్రం డాక్టరు పిలిచాడు. మొగిలవ్వ టిఫిను డబ్బా, చెప్పులు, మారుచీర అన్నీ సంచిలో సర్దుకుని మరీ వెళ్ళింది. ఆయన కుర్చీలో కాక, రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పదకొండేండ్లు," అన్నాడు. "గా పిల్ల ఎందుకు పాయిందో నాకు సమజ్ కాలె. మత్తు డాక్టరు జర ఆగుదామన్నడు, నేనే కానియ్యుమన్న. నా తొందరకే పాయిందనుకున్న. గప్పుడే చెప్తే ఏమైతుండె?"

"మీరు తిడ్తరనుకున్న సారూ."

"తిడ్తుంటి" అన్నాడు ఆయన. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి తుడవాల్సినంత మురికిగా లేవు.

"గౌరవ్వకు చెప్పాలె" అన్నాడు లేస్తూ.

"వద్దు సారూ!" మొగిలవ్వ అడ్డంగా నిలబడింది. "ఆమె చేతులతోనే తాపి ఉంటది. ఎర్కయితె బతుకుతదా? గది నా కాడ్నే ఉండనియ్యుండ్రి." ఆయన ఆమె సంచి వైపు చూసి, "గా సంచి ఏంది? పో, లోపల పెట్టు" అన్నాడు.

మర్నాడు లచ్చయ్య ఆపరేషను సుఖంగా జరిగింది. మత్తు ముందు నవ్య అడిగింది, ప్రేమలత చదివింది, ఈసారి ఏ టిక్కూ చాయ దాకా ఆగలేదు. కోత పెట్టే ముందు పేర్లు చెప్పుకునే వంతు మూలకు వచ్చేసరికి కరుణాకర్ కత్తి అందుకోకుండా నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు.

"మొగిలవ్వ" అంది ఆమె. "తీర్థం సంగతి అడిగేది నేనే. అడిగిన."

గోడ మీది కాగితం కింద డాక్టరే తెలుగులో ఒక వరుస రాశాడు: 'మొగిలవ్వ అడిగిందా?' ఆమె ఆ వరుసను చదవలేదు కానీ అది ఏ చోట ఉందో ఆమెకు తెలుసు. రోజూ తడిగుడ్డతో గోడ తుడిచేటప్పుడు అక్కడ కొంచెం మెల్లగా తుడిచేది.

కథ ఇక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ బస్సుల్లో జనం ఊరుకుంటారా? నెల మొదటి సోమవారం గౌరవ్వ వచ్చింది, ఫ్యాను కింద కూర్చుంది, చీటీ కోసం వెళ్ళబోతున్న మొగిలవ్వ కొంగు పట్టుకుంది.

"ఓ మొగిలవ్వా, బస్సుల ఒకామె చెప్పింది. మీ దవఖాన్ల ఇప్పుడు సాక పోసినవా, తీర్థం తాగినవా అని అడుగుతున్నరట. తాగితె ఏమైతదే?"

మొగిలవ్వ దగ్గర అబద్ధం తయారుగానే ఉంది. 'ఏం గాదవ్వా, గవర్నమెంటోళ్ళు అడగుమన్నరు.' నాలుక చివరనే ఉంది. కానీ గౌరవ్వ పట్టిన కొంగు వదలకుండా ఆమె కళ్ళలోకే చూస్తోంది. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"ఎల్లవ్వ తల్లి కాడ తాపిన," అంది ముసలామె. "గిలాస నిండ. భయపడుతున్నదని."

మొగిలవ్వ నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "అవ్వా, నువ్వు తాపుడు తప్పు గాదు. తల్లివి, తాపినవు. అడుగుడు మా పని, మేం అడగలె. గౌను తొడిగింది నేనే. వాసనచ్చింది, బండారి తడి చూసిన. నాకు ఎర్కయి సుత నోరు మూసుకున్న. తప్పు నాది. నువ్వు నెత్తికెత్తుకోకు, తప్పు నాది." చెబుతూ చెబుతూ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

గౌరవ్వ ఏడవలేదు. "గందుకేనా గిన్నొద్దులు నన్ను ఫ్యాను కింద కూసోవెట్టింది?" అంది.

గౌరవ్వ లేచింది, ఎండలో ఉన్న వరుసలోకి వెళ్ళి అందరితో పాటు నిలబడింది, గోళీలు తీసుకుంది, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

తర్వాతి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. మొగిలవ్వ సోమవారాలన్నీ సందు వైపే చూసింది. మూడో నెలలో ఒకరోజు, సోమవారం కూడా కాదు, మొదటి తలుపు దగ్గర అలికిడైతే తల తిప్పింది. చుట్టాల మధ్యలో గౌరవ్వ నిలబడి ఉంది. ఇంకొంచెం చిక్కిపోయింది.

"లోపల ఎవరున్నరు?" అంది.

"ఒక ఆడివిల్ల అవ్వా. కడుపుల గడ్డ."

"అడిగినవా?"

"అడిగిన. ఏం తాగలేదన్నది."

గౌరవ్వ తెరిచిన తలుపులోంచి ఆ పిల్ల ముఖం కేసి చూసింది, తలుపు బయట మూట పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల తల్లి కేసి చూసింది. "పిల్లనొక్కదాన్నే అడిగితె సరిపోదు బిడ్డా," అంది. "తల్లిని సుత అడుగు. తాపేది మేమే గదా."

మొగిలవ్వ కళ్ళు తుడుచుకుని ఆ తల్లిని లోపలికి పిలిచింది. గౌరవ్వ వెళ్ళి ఫ్యాను కింద కూర్చుంది.